రోజూ గాలి అంకె పెడుతున్నాను, గ్రూపు మ్యూట్ చేస్తున్నారు

కిటికీపక్కన | నవంబర్ 3, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా కాలనీలో నలుగురం కలిసి గాలిని కొలిచే చిన్న సెన్సార్లు రెండు పెట్టాం. ఒకటి మెయిన్ రోడ్డు వైపు మా కిటికీ బయట, ఇంకోటి లోపలి వీధిలో బడి గోడ మీద. రోజూ పొద్దున ఏడింటికి, సాయంత్రం ఏడింటికి రీడింగ్ తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాను.

మొదటి వారం "అమ్మో", "నిజమా" అంటూ బోలెడు రిప్లైలు. రెండో వారం ఉత్త బొటనవేళ్లు. మూడో వారం అవీ లేవు. నిన్న ఒకాయన మొహమాటం లేకుండా అడిగేశారు: "రోజూ ఆ అంకె ఎందుకండీ? చూసి మేం ఊపిరి బిగబట్టుకోవాలా?" నాకు కోపం రావాలి గానీ రాలేదు. ఆయన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు మరి.

ఇలాంటి పని చేసినవాళ్లు ఇక్కడ ఉంటే చెప్పండి. ఆపెయ్యాలా, మార్చాలా?

పాతకాపు | నవంబర్ 3, రాత్రి 10:15

ఆయన అడిగినదాంట్లో తప్పేం లేదు. నాదీ ఒక ప్రశ్న. అరచేతిలో పట్టే ఆ డబ్బా చెప్పేది నిజమని మీకెలా తెలుసు? మా వైపు ఒకాయన ఇలాగే పెట్టాడు. చలికాలంలో తెల్లవారుజామున మంచు దిగితే చాలు, డబ్బా ఎర్రబడిపోయేది. ఎండెక్కేసరికి ఏమీ ఎరగనట్టు పచ్చగా కూర్చునేది. జనం రెండుసార్లు నమ్మారు, మూడోసారి నవ్వారు. నాన్నా పులి కథే. నిజంగా పొగ కమ్మిన రోజు ఎవరూ పట్టించుకోలేదు.

లెక్కలపుస్తకం | నవంబర్ 4, ఉదయం 6:50

పాతకాపు గారు చెప్పింది సగం నిజం. ఆ సగం గురించి ముందు మాట్లాడుకుందాం.

ఈ చిన్న సెన్సార్ లోపల బుల్లి ఫ్యాను, లేజరు ఉంటాయి. ఫ్యాను గాలిని లాగుతుంది. లేజరు ముందుకు ధూళి రేణువు వచ్చినప్పుడు వెలుతురు చెదురుతుంది. ఆ చెదరడాన్ని బట్టి రేణువులు ఎన్ని, ఏ సైజువి అని లెక్క కడుతుంది. తూకం వెయ్యదు. ఇన్ని రేణువులంటే ఘనపు మీటరు గాలిలో ఇన్ని మైక్రోగ్రాములు ఉంటాయని అంచనా వేసి చెబుతుంది, అంతే. గాలిలో తేమ 75, 80 శాతం దాటితే రేణువులు నీటిని పట్టుకుని ఉబ్బుతాయి. పొగమంచు బొట్లు కూడా దాని కంటికి రేణువులే. అంకె ఉన్నదానికన్నా పెరిగిపోతుంది. మీరు చెప్పినాయన డబ్బా ఎర్రబడింది ఇందుకే.

గాలిని కొలిచే ప్రభుత్వ స్టేషన్లలోని పెద్ద యంత్రాలు చాలావరకు గాలిని ముందు కాస్త వేడి చేసి తేమ తగ్గిస్తాయి. తర్వాత ఫిల్టరు టేపు మీద పేరుకున్న ధూళిని బీటా కిరణాలతో కొలుస్తాయి. కాబట్టి వాటి మాట గట్టిది. కానీ అవి ఎక్కడో ఒకటి ఉంటాయి, మీ వీధి మలుపులో ఉండవు.

చేయాల్సింది ఇది. ముందు మీ రెండు సెన్సార్లనూ పక్కపక్కనే ఒక వారం పెట్టి చూడండి. రెండూ ఒకే మాట చెప్పకపోతే ఇక వీధికీ వీధికీ తేడా ఏం చూపిస్తారు? తర్వాత అనుమతి దొరికితే దగ్గర్లోని స్టేషన్ పక్కన రెండు మూడు వారాలు ఉంచి, దాని అంకెతో పోల్చి సవరణ కట్టుకోండి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ పర్పుల్‌ఎయిర్ అనే కంపెనీ చిన్న సెన్సార్లకు ఇలాగే తేమను కూడా కలిపి ఒక సూత్రం కట్టింది. 2020 నుంచి కార్చిచ్చుల పొగ మ్యాపులో ఆ సవరించిన అంకెనే చూపిస్తోంది. ఆ సూత్రంలో ముడి అంకె దాదాపు సగానికి తగ్గుతుంది. సవరణ లేకుండా రోజూ గ్రూపులో పెడితే ఎంత తేడా వస్తుందో మీరే చూడండి.

ఇంకొకటి. మీరు పెట్టే అంకె పీఎం 2.5ది, అంటే 2.5 మైక్రాన్లు, అంతకన్నా సన్నని రేణువులది. మీ సెన్సార్ పీఎం 10 (10 మైక్రాన్ల దాకా ఉన్నవి) అని కూడా ఒక అంకె చూపిస్తుంటుంది. దాన్ని పక్కన పెట్టేయండి. రోడ్డు మీద లేచే ముతక దుమ్మును ఈ రకం సెన్సార్లు సరిగ్గా పట్టలేవు.

సెన్సార్ ఎక్కడ బిగించారో చెబుతారా?

కిటికీపక్కన | నవంబర్ 4, ఉదయం 8:05

చెప్పడానికి సిగ్గుగా ఉంది. మీ పోస్టు చదివి కిటికీలోంచి తల బయటపెట్టి చూశాను. సెన్సార్‌కి రెండడుగుల దూరంలో ఏసీ ఔట్‌డోర్ యూనిట్ ఉంది. సరిగ్గా కింద, కింది ఫ్లాటు వంటింటి ఎగ్జాస్ట్. రోజూ సాయంత్రం ఏడింటికి నేను "ట్రాఫిక్ కాలుష్యం" అని పెడుతున్నదాంట్లో వాళ్ల వంట వాటా ఎంతో తెలియదు. వాళ్లు కూడా అదే గ్రూపులో ఉన్నారు.

లెక్కలపుస్తకం | నవంబర్ 4, ఉదయం 8:20

ఇది చెయ్యనివాడు లేడు లెండి. నేను మొదటిది బట్టలు ఆరేసే తీగ పక్కన పెట్టాను. మనిషి ముక్కు ఎత్తులో, లేదా కాస్త పైన, రెండు మూడు మీటర్ల ఎత్తులో పెట్టండి. గాలి ధారాళంగా ఆడాలి. నేరుగా ఎండ, వాన తగలకూడదు.

తెల్లకోటు | నవంబర్ 4, మధ్యాహ్నం 2:30

నేను ఊపిరితిత్తుల రోగులను చూసే డాక్టర్ని. సెన్సార్ గోల మీరు చూసుకోండి, నాకు ఆ "ఊపిరి బిగబట్టుకోవాలా" అన్న ప్రశ్న పట్టుకుంది.

లండన్‌లో ఎల్లా అడూ కిస్సీ డెబ్రా అని తొమ్మిదేళ్ల పాప ఉండేది. ఇల్లు సౌత్ సర్క్యులర్ అనే రద్దీ రోడ్డుకి పాతిక ముప్ఫై మీటర్ల దూరం. తీవ్రమైన ఆస్తమాతో ఎన్నోసార్లు ఆసుపత్రి పాలై 2013 ఫిబ్రవరిలో చనిపోయింది. 2020 డిసెంబర్‌లో రెండోసారి విచారణ జరిపిన కరోనర్ (మరణ కారణం తేల్చే అధికారి) ఆ మరణానికి గాలి కాలుష్యం కూడా ఒక కారణమని తేల్చాడు. వార్తల్లో అంతవరకే గట్టిగా వచ్చింది. ఆ తీర్పులో నన్ను కదిలించిన భాగం వేరే. గాలికీ ఆ ఆస్తమాకీ ఉన్న సంబంధం గురించి తల్లికి ఎవరూ చెప్పలేదని, చెప్పి ఉంటే ఆమె చేయగలిగింది చేసేదని, బహుశా పాప బతికేదని అందులో ఉంది. అప్పటికి లండన్‌లో కొలతలు లేకకాదు. అంకెలు బోలెడు ఉన్నాయి. అవి ఆ తల్లి దాకా ఆమెకు పనికొచ్చే మాటగా చేరలేదు.

అందుకని నా సలహా: అంకె పెట్టకండి. ఎవరు, ఏ వేళ, ఏం చేయాలో పెట్టండి. "ఆస్తమా ఉన్న పిల్లలు ఈ సాయంత్రం ఇన్‌హేలర్ దగ్గర పెట్టుకోండి, పరుగు ఆటలు రేపటికి వాయిదా వెయ్యండి" అంటే అది ఎవరికో ఒకరికి పని. "పీఎం 2.5 నూట పది" అంటే ఎవరికీ పని కాదు.

మాస్కు గురించి ఎలాగూ అడుగుతారు కాబట్టి: ఎన్95 ముఖానికి ఖాళీ లేకుండా పట్టుకుంటే పనిచేస్తుంది. గుడ్డ మాస్కు ఈ సన్నని రేణువులను సరిగ్గా ఆపదు. 2.5 మైక్రాన్లంటే తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతో ముప్ఫయ్యో వంతో.

వానచినుకు | నవంబర్ 4, సాయంత్రం 6:10

డాక్టరు గారూ, అంకె కూడా కావాలండీ, లేకపోతే ఏ మాట ఏ రోజు చెప్పాలో తెలియదు కదా. కానీ ఏ అంకె? నా ఫోన్లో రెండు యాప్‌లు ఉన్నాయి. ఒకే చోటికి ఒకటి 98 అని ఆకుపచ్చగా చూపిస్తుంది, ఇంకోటి 153 అని ఎర్రగా చూపిస్తుంది. మా ఇంట్లో ఆయన ఒకటి నమ్ముతారు, నేను ఒకటి నమ్ముతాను.

లెక్కలపుస్తకం | నవంబర్ 4, సాయంత్రం 6:45

రెండూ అబద్ధం కాకపోవచ్చు. కొలబద్దలు వేరు. 24 గంటల సగటు పీఎం 2.5 ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు ఉందనుకోండి. 2014లో ప్రకటించిన భారత గాలి నాణ్యత సూచీలో (ఏక్యూఐ) అది 100, అంటే "సంతృప్తికరం" అనే వరుసకి చివరి మెట్టు. అమెరికా సూచీలో అదే గాలి 150 దాటుతుంది, "అనారోగ్యకరం". ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన మార్గదర్శకంలో 24 గంటల పరిమితి 15 మాత్రమే, ఏడాది సగటు 5. అదే గాలి, మూడు తీర్పులు. పైగా ఒక యాప్ గంట సగటు చూపిస్తుంది, ఇంకోటి రోజు సగటు.

గ్రూపులో పెట్టేటప్పుడు ఒకే కొలబద్ద ఎంచుకుని దాని పేరు రాయండి, మార్చకండి. సూచీ కన్నా మైక్రోగ్రాములే పెడితే ఇంకా నయం.

పాతకాపు | నవంబర్ 4, రాత్రి 9:00

మైక్రోగ్రాములు చూసి మారేవాళ్లెవరూ నాకు తగల్లేదు. జనానికి కళ్లకు కట్టాలి. 2018లో ఢిల్లీలో ఒక ఆసుపత్రి బయట ఊపిరితిత్తుల ఆకారంలో పెద్ద బోర్డు పెట్టారు గుర్తుందా? తెల్లటి ఫిల్టరు గుడ్డతో చేసి, వెనక ఫ్యాన్లు పెట్టి గాలి లాగించారు. కొన్ని రోజులకే మసిగుడ్డలా నల్లబడింది. ఏ ముసలమ్మకైనా అర్థమవుతుంది. మైక్రోగ్రామ్ అక్కర్లేదు.

రెండోబెంచి | నవంబర్ 5, ఉదయం 5:55

నేను బళ్లో పాఠాలు చెబుతాను. ఆ ఊపిరితిత్తుల ఫొటో పిల్లలకు చూపించాను. ఇద్దరు ఏడ్చారు. ఒక పిల్ల "టీచర్, నా లోపల కూడా అలాగే ఉందా?" అని అడిగింది. ఆ తర్వాత ఆ ఫొటో మళ్లీ తీయలేదు. భయం పుట్టాక ఆ పిల్ల చేయగలిగిన పని ఒక్కటైనా నేను చూపించలేకపోయాను.

తర్వాత జెండాలు మొదలుపెట్టాం. అమెరికాలో చాలా బళ్లలో ఉన్న పద్ధతే: ఆ రోజు గాలిని బట్టి పచ్చ, పసుపు, నారింజ, ఎరుపు, ఊదా రంగు జెండా ఎగరేస్తారు. మా దగ్గర పొద్దున్నే ఇద్దరు పిల్లలు రీడింగ్ చూసి జెండా మారుస్తారు. నారింజ వస్తే పీటీ పీరియడు మధ్యాహ్నానికి జరుగుతుంది, ఎరుపు వస్తే లోపలే. జెండా వచ్చాకే తల్లిదండ్రులు అడగడం మొదలుపెట్టారు. ఎందుకంటే పిల్లలు ఇంటికెళ్లి "ఇవాళ ఆటల్లేవు, గాలి బాగాలేదు" అని చెబుతారు. ఆట పోయిన బాధ ముందు మన వాట్సాప్ మెసేజ్ ఎంత!

బడి గేటు దగ్గర ఇంజను ఆపకుండా నిలబెట్టే బళ్ల గురించి కూడా పిల్లలే నోటీసు రాశారు. పెద్దల చేత రాయిస్తే ఎవరూ చదవరు.

వానచినుకు | నవంబర్ 5, ఉదయం 7:30

మధ్యాహ్నానికి జరపడం ఎందుకండీ? పొద్దున గాలే మంచిది కదా. మా నాన్నగారు నలభై ఏళ్లుగా తెల్లవారుజామునే నడుస్తారు.

లెక్కలపుస్తకం | నవంబర్ 5, ఉదయం 7:50

చాలామంది నమ్మకం అదే. చలి రాత్రుల్లో నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి చల్లగా, పై గాలి వెచ్చగా ఉంటుంది. వెచ్చని పొర మూత వేసినట్టు కూర్చుంటుంది, కింద పుట్టిన పొగ పైకి పోలేదు. పొద్దెక్కి నేల వేడెక్కాక ఆ మూత లేస్తుంది, పొగ పలచబడుతుంది. అందుకే చలికాలంలో చాలాచోట్ల తెల్లవారుజాము నుంచి ఎనిమిది, తొమ్మిదింటి దాకా గాలి అధ్వానం, మధ్యాహ్నం మూడు నాలుగింటికి కాస్త మేలు. మీ చోట అలాగే ఉందో లేదో మీ సెన్సార్ గంటగంటకూ చెబుతుంది. ఒక్క రోజుది చూడకండి, నెల రోజులు చూడండి.

కిటికీపక్కన గారూ, మీరు పెట్టాల్సింది ఈ గంటల పట్టిక అని నాకనిపిస్తోంది. రోజుకి రెండు అంకెలు కాదు.

తెల్లకోటు | నవంబర్ 5, ఉదయం 9:15

అవును. నాన్నగారిని నడక మానమనకండి, వేళ మార్చుకోమనండి. నడక వల్ల వచ్చే లాభం చిన్నది కాదు.

సందుచివరిల్లు | నవంబర్ 6, సాయంత్రం 5:20

మీరంతా రోడ్డు, ట్రాఫిక్ అంటున్నారు. మా సందులో రోజూ పొద్దున ఊడ్చే ఆమె ఆకులు, చెత్త పోగేసి నిప్పు పెడుతుంది. ఫొటో తీశాను. మొహం కూడా స్పష్టంగా పడింది. ఇక్కడా పెడతాను, మా గ్రూపులోనూ పెడతాను. అవగాహన అంటే ఇదీ.

మోడరేటర్ | నవంబర్ 6, సాయంత్రం 5:32

ఫొటో తీసేశాం. మనుషుల మొహాలు ఇక్కడ వద్దు.

నైట్‌షిఫ్ట్ | నవంబర్ 6, రాత్రి 11:48

ఇన్ని రోజులూ చదువుతూ ఊరుకున్నాను. నేను ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర రాత్రి కాపలా చేస్తాను. సందుచివరిల్లు గారూ, ఆ చెత్త ఆమె ఇంటిది కాదు. మీది, మీ పక్కవాళ్లది. ఎత్తుకెళ్లే బండి రాకపోతే పోగు అలాగే ఉంటే తిట్లు ఆమెకే, కాలిస్తే తిట్లూ ఆమెకే. ఆ పొగ మీ సందులో అందరికన్నా ముందు పీల్చేది కూడా ఆమే. మంట పక్కనే నిలబడి ఉంటుంది కదా.

మీ వాట్సాప్ గ్రూపుల్లో ఆమె ఉందా? నేను ఉన్నానా? గేటు దగ్గర పది గంటలు కూర్చునేవాడికి గాలి ఎలా ఉందో చెప్పేవాళ్లు లేరు, తలుపులు వేసుకుని పడుకునేవాళ్లకి రోజుకి రెండుసార్లు మెసేజ్.

సందుచివరిల్లు | నవంబర్ 7, ఉదయం 6:40

తమ్ముడూ, మాట నిజం. తొందరపడ్డాను. ఇవాళ ఆమెతో మాట్లాడాను. మూడు వారాలుగా బండి రావట్లేదట, నాకా సంగతే తెలియదు.

రెండోబెంచి | నవంబర్ 7, రాత్రి 8:10

నైట్‌షిఫ్ట్ గారి మాట చదివాక నాకు అమెరికాలోని బకెట్ల సంగతి గుర్తొచ్చింది. లూసియానాలో నోర్కో అనే చోట డైమండ్ అనే పేట ఉండేది. ఒక పక్క రసాయన కర్మాగారం, ఇంకో పక్క రిఫైనరీ. వాసనకు తట్టుకోలేక ఫిర్యాదు చేస్తే అంతా బాగానే ఉందనేవాళ్లు. అక్కడి నల్లజాతి కుటుంబాలు ప్లాస్టిక్ బకెట్‌లో ప్రత్యేకమైన సంచి బిగించి, వాసన వచ్చిన క్షణంలోనే ఆ గాలిని పట్టి ల్యాబుకి పంపారు. ఏళ్ల పోరాటం తర్వాత 2002లో ఆ పేటవాళ్లందరికీ వేరేచోటికి తరలే అవకాశం సాధించుకున్నారు. వాళ్లకి గాలి చెడ్డదని ఎవరూ అవగాహన కల్పించక్కర్లేదు. వాళ్లకే ముందు తెలుసు. వినాల్సినవాళ్ల చేత వినిపించడానికి కొలత కావాల్సివచ్చింది.

పాతకాపు | నవంబర్ 7, రాత్రి 9:25

ఇది ఒప్పుకుంటాను. కొలత ఎవరికోసం అన్నది ముందు తేల్చుకోవాలి. ఇంట్లోవాళ్లకా, అధికారులకా? అధికారుల ముందుకి వెళ్తే మాత్రం నా మొదటి ప్రశ్నే అడుగుతారు, ఈ డబ్బాని ఎలా నమ్మాలి అని.

లెక్కలపుస్తకం | నవంబర్ 7, రాత్రి 10:05

అక్కడికి వెళ్లేటప్పుడు లెక్క పక్కాగా ఉండాలి. 2018 మేలో బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో ఇరవై వేలమంది ఒకేసారి తమ వీధిని కొలిచారు. కరెంటు సెన్సార్ కూడా కాదు. వేలంత గొట్టాలు రెండు, లోపల నైట్రోజన్ డయాక్సైడ్‌ని పట్టే రసాయనం. ఇల్లు అమ్మకానికి ఉందని చెప్పే బోర్డు లాంటి దానికి వాటిని తగిలించి, వీధి వైపు కిటికీకి పెట్టి నెల రోజులు ఉంచారు. తర్వాత ల్యాబుకి. కొన్ని గొట్టాలను ప్రభుత్వ స్టేషన్ల పక్కనే పెట్టి సరిచూశారు కాబట్టి ఫలితాన్ని ఎవరూ కొట్టిపారెయ్యలేకపోయారు. రెండు పక్కలా ఎత్తైన ఇళ్లున్న ఇరుకు వీధుల్లో బళ్ల పొగ ఇరుక్కుపోతుందని ఎవరి వీధిలో వాళ్లే చూసుకున్నారు.

అన్నట్టు, మన చిన్న సెన్సార్‌కి ఈ నైట్రోజన్ డయాక్సైడ్ అసలు కనబడదు. అది ధూళిని మాత్రమే చూస్తుంది. సెన్సార్ పచ్చగా ఉందంటే గాలి మొత్తం శుభ్రమని కాదు. గ్రూపులో ఈ ఒక్క వాక్యం తప్పకుండా రాయండి.

కిటికీపక్కన | డిసెంబర్ 9, రాత్రి 9:10

నెల తర్వాత వస్తున్నాను. జరిగింది చెబుతాను.

సెన్సార్ చోటు మార్చాం. మార్చగానే సాయంత్రం ఏడింటి "ట్రాఫిక్" కాలుష్యంలో మంచి భాగం మాయమైంది. గ్రూపులో తప్పు ఒప్పుకుంటూ ఒక మెసేజ్ పెట్టాను. వింతేమిటంటే ఇన్నాళ్లలో అన్నిటికన్నా ఎక్కువ రిప్లైలు దానికే వచ్చాయి. కింది ఫ్లాటు ఆవిడ నవ్వుతూ ఎమోజీ పెట్టారు. బతికిపోయాను.

రెండింటినీ పక్కపక్కన వారం ఉంచితే ఒకటి ఎప్పుడూ కాస్త ఎక్కువే చూపిస్తోంది, దానికి సవరణ కట్టుకున్నాం. స్టేషన్ పక్కన పెట్టడానికి అడిగాం, మొదటిసారి కుదరదన్నారు. రెండోసారి ఉత్తరం రాసి బడి తరఫున అడిగితే మూడు వారాలకు ఒప్పుకున్నారు. ఇంకా అక్కడే ఒకటి ఉంది.

రోజువారీ అంకె ఆపేశాను. ఆదివారం ఒక్కటే పోస్టు: గత వారం ఏ గంటలు బాగున్నాయి, ఏవి బాగాలేవు, బడి నుంచి ఇంటికి ఏ దారిన వెళ్తే తేడా ఎంత. మెయిన్ రోడ్డు మీదుగా కాకుండా లోపలి వీధిలోంచి నడిస్తే దూరం నాలుగు నిమిషాలు ఎక్కువ, రీడింగ్ మాత్రం చాలా రోజులు స్పష్టంగా తక్కువ. ఆ దారి మ్యాపుని జనం ఇతర గ్రూపులకి కూడా పంపుకున్నారు.

గేటు దగ్గర చిన్న పలక పెట్టాం, రంగు అట్టముక్క తగిలించేలా. మా గేటు దగ్గర కాపలా ఉండే పెద్దాయనే మారుస్తారు. ఊదా రోజున ఆయన లోపలి గదిలో కూర్చోవచ్చని అసోసియేషన్ తీర్మానం కూడా చేసింది. ఈ పని చేయించినందుకు నైట్‌షిఫ్ట్ గారికి థాంక్స్.

జరగనివీ ఉన్నాయి. ఇళ్ల విలువ పడిపోతుందని ఇద్దరు ఓనర్లు పలక తీసెయ్యమని గొడవ పెట్టారు. చెత్త బండి గురించి పంపిన అర్జీకి ఇంకా కదలిక లేదు. మొదట నన్ను ప్రశ్న అడిగినాయన ఇప్పటికీ గ్రూపు మ్యూట్‌లోనే పెట్టుకున్నారట.

నైట్‌షిఫ్ట్ | డిసెంబర్ 10, ఉదయం 4:20

లోపలి గదికి తలుపు సరిగ్గా పడుతుందో లేదో చూడండి. మా దగ్గర గది అంటే మూడు గోడలు.

కిటికీపక్కన | జనవరి 14, సాయంత్రం 4:00

ఒక సందేహం, అర్జెంట్. మూడు రోజులుగా గేటు సెన్సార్ సింగిల్ డిజిట్ చూపిస్తోంది. నేను సంబరపడి ఫొటో కూడా పెట్టాను. ఇవాళ పెద్దాయన పిలిచి, "బాబూ, అట్ట పచ్చది పెట్టమంటున్నారు గానీ నా ముక్కుకి మాత్రం పొగే తగులుతోంది. నేను మొన్నటి నుంచి నారింజే ఉంచాను" అన్నారు. విప్పి చూస్తే గాలి లోపలికి వెళ్లే కన్నంలో సాలీడు గూడు.

ఎలా శుభ్రం చేయాలి? నీళ్లు తగలొచ్చా?

లెక్కలపుస్తకం | జనవరి 14, సాయంత్రం 4:25

నీళ్లు వద్దు. కరెంటు తీసేసి, మెత్తని బ్రష్షుతో గూడు తీసి, చేతి పంపుతో మెల్లగా గాలి కొట్టండి. నోటితో ఊదకండి, తుంపర పడుతుంది. కన్నానికి దోమల జాలీ ముక్క కట్టొచ్చు గానీ మరీ సన్నని అల్లిక వద్దు, గాలి అడ్డుకుంటుంది. ఆ మూడు రోజుల రీడింగులు రికార్డు నుంచి కొట్టెయ్యండి, ఎందుకు కొట్టేశారో పక్కన రాయండి. ఆ రోజులకి పెద్దాయన పెట్టిన రంగు రాసుకోండి.